మూడు పేర్లు, ఒకే ఐపీస్: టెలిస్కోప్ గాజు నిజంగా ఎక్కడ తయారవుతుంది?

మాస్టారూ, నమస్తే. మీ ప్రశ్న ఇంకొందరికీ పనికొస్తుంది కాబట్టి ముందు దాన్నే క్లుప్తంగా ఇక్కడ పెడుతున్నాను. తెనాలిలో మీ బడికి 8 అంగుళాల డాబ్సోనియన్ (తేలికైన పీఠం మీద తిరిగే అద్దం టెలిస్కోప్) వచ్చింది. పిల్లలకి గురుగ్రహం, శని దగ్గరగా చూపించడానికి 6 మిల్లీమీటర్ల ఐపీస్, అంటే కన్ను ఆనించి చూసే కటకాల గొట్టం, కావాలి. వెతికితే మూడు బ్రాండ్లలో మూడు దొరికాయి. ఫొటోల్లో మూడూ కవల పిల్లల్లా ఉన్నాయి. నల్ల బారెల్ (గొట్టం), చుట్టూ బంగారు రంగు గీత, 66 డిగ్రీల క్షేత్రం (ఒక్క చూపులో కనిపించే వెడల్పు). ఒకటి రెండు వేలు, ఒకటి నాలుగు వేలు, అమెరికా కంపెనీ పేరున్నది ఏడున్నర వేలు. "ఏడున్నర వేలది నిజంగా అమెరికాలో చేసిందేనా? మూడూ ఒకచోటివే అయితే ఎక్కువ డబ్బు దేనికి?" అని అడిగారు.

మొదటిదానికి జవాబు ఒక్క ముక్క: మూడూ చైనాలో చేసినవే. 6, 9, 15, 20 మిల్లీమీటర్లుగా వచ్చే ఈ 66 డిగ్రీల డిజైన్ చాలా ఏళ్లుగా మార్కెట్లో ఉంది. ఓరియన్ దాన్ని ఎక్స్‌పాన్స్ అని అమ్మింది, స్కైవాచర్ అల్ట్రావైడ్ అని అమ్మింది, ఎస్‌వీబోనీ ఇప్పుడు ఇంకా చవగ్గా అమ్ముతోంది. బారెల్ మీద చెక్కిన పేరు అమ్మేవాడిది, చేసినవాడి పేరు ఎక్కడా కనిపించదు. రెండో ప్రశ్నకి మాత్రం కొంచెం ఓపిగ్గా చెప్పాలి. నాకు ఇష్టమైన విషయం కూడా అదే.

పేరు ఒకరిది, పని ఒకరిది కావడం చైనాతో మొదలవలేదు. నేను జీవితంలో మొదట కన్ను పెట్టిన టెలిస్కోప్ మా నాన్నగారి స్నేహితుడు అమెరికా నుంచి తెచ్చుకున్న 60 మిల్లీమీటర్లది. గొట్టం మీద పెద్ద అక్షరాల్లో అమెరికా దుకాణం పేరు, ఫోకసర్ (బొమ్మని స్పష్టం చేసే మర) కింద చీమ తలకాయంత అక్షరాల్లో జపాన్ అని ఉండేది. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక టోక్యోలో, ముఖ్యంగా ఇటబాషి ప్రాంతంలో, చిన్న చిన్న కటకాల వర్క్‌షాపులు బోలెడు పుట్టుకొచ్చాయి. ఒకరు గాజు కోసేవారు, ఒకరు పాలిష్ పట్టేవారు, ఒకరు ఇత్తడి గొట్టాలు తిప్పేవారు, ఇంకొకరు అన్నీ బిగించి పెట్టెలో పెట్టేవారు. సియర్స్, టాస్కో లాంటి అమెరికా పేర్లతో అవి ప్రపంచమంతా తిరిగాయి. యూనిట్రాన్ అనే పేరుని అమెరికావాళ్లు ఇప్పటికీ భక్తితో తలుచుకుంటారు. ఆ టెలిస్కోపులు చేసింది నిహాన్ సెయికో అనే జపాన్ సంస్థ. మీ బడి బీరువాలో ఎప్పుడైనా సన్నటి పాత ఐపీస్ కనిపిస్తే స్కేలు పెట్టి కొలవండి. 24.5 మిల్లీమీటర్లు ఉంటే అది ఆ జపాన్ కాలపు కొలత. ఇప్పుడు వాడేది 31.75, దాని పెద్దన్న 50.8.

1985లో డాలరు విలువ తగ్గించడానికి పెద్ద దేశాలు చేసుకున్న ప్లాజా ఒప్పందం జరిగింది. ఆ తర్వాత రెండు మూడేళ్లలో డాలరుతో పోలిస్తే యెన్ విలువ దాదాపు రెట్టింపయింది. టోక్యో వర్క్‌షాపులో చేసిన చవక టెలిస్కోపు ఇక చవక కాకుండా పోయింది. పని తైవాన్‌కి వెళ్లింది, 1990ల్లో అక్కడి నుంచి చైనాకి దాటింది. ఆ దాటడంలో ముఖ్యమైన పేరు సింటా. తైవాన్ సంస్థ, పెద్ద ఫ్యాక్టరీ చైనాలోని సుజౌలో. స్కైవాచర్ వాళ్ల సొంత పేరే. కాలిఫోర్నియాలో పుట్టిన సెలెస్ట్రాన్‌ని 2005లో కొనేశారు. 1970లో సెలెస్ట్రాన్ తెచ్చిన నారింజ రంగు సీ8 అమెరికా అమెచ్యూర్ ఖగోళ చరిత్రలో ఒక మైలురాయి. అదే సీ8 వారసులు ఇప్పుడు చైనా నుంచి వస్తున్నారు. మీరు దుకాణంలో సెలెస్ట్రాన్‌నీ స్కైవాచర్‌నీ పక్కపక్కన పెట్టి ఏది మంచి కంపెనీ అని తర్జనభర్జన పడుతుంటే, ఒకే ఇంటి అన్నదమ్ముల మధ్య తీర్పు చెబుతున్నట్టే.

మీ డాబ్సోనియన్ విషయానికొస్తే, ఫొటోలో ఫోకసరూ అద్దం వెనక ఫ్యానూ చూశాను. అది తైవాన్‌లోని గువాన్ షెంగ్ ఆప్టికల్ వాళ్లది, అందరూ జీఎస్ఓ అంటారు. అపర్చురా, జుమెల్ పేర్లతో అమెరికాలో అమ్మేవీ వాళ్లవే. మంచి అద్దాలు చేస్తారు. ఆ విషయంలో మీరు నిశ్చింతగా ఉండొచ్చు.

ఇక నాణ్యమైన ఐపీసుల్లో, చిన్న అపోక్రొమాటిక్ (రంగుల తప్పు దాదాపు లేని) టెలిస్కోపుల్లో ఎక్కువగా వినిపించే ఊరు కున్మింగ్, యున్నాన్ రాష్ట్రంలో. 1930ల చివర్లో యుద్ధం తరుముకొస్తుంటే చైనా తన ఆప్టికల్ ఆయుధాల పనిని ఆ కొండల్లోకి తరలించింది. బైనాక్యులర్లు, తుపాకి గురి అద్దాలు చేసిన చేతులు అక్కడ తరతరాలుగా ఉన్నాయి. ఇప్పుడు కున్మింగ్ యునైటెడ్ ఆప్టిక్స్ చేసే ఫ్లాట్ ఫీల్డ్ (అంచుదాకా స్పష్టంగా చూపే) ఐపీసులనే జర్మనీ ఏపీఎం ఒక పేరుతో, సెలెస్ట్రాన్ అల్టిమా ఎడ్జ్ అని ఇంకో పేరుతో అమ్ముతాయి. 100 డిగ్రీల వరసదీ అదే కథ, ఏపీఎం దగ్గరా ఆస్ట్రోటెక్ దగ్గరా దొరికేది ఒకటే. గువాంజౌలో జింగ్‌హువా ఉంది. ఎక్స్‌ప్లోర్ సైంటిఫిక్, జర్మనీ పేరున్న బ్రెసర్ రెండూ దాని గూటివే. నింగ్బోలో సన్నీ ఉంది. తైవాన్‌లో లాంగ్ పెర్న్ ఉంది. ఈ అరడజను పేర్లు తెలిస్తే దుకాణంలో కనిపించే పాతిక ముప్ఫై బ్రాండ్ల వెనక ఎవరున్నారో చాలావరకు అర్థమైపోతుంది.

ఇంత తక్కువమంది చేతిలో పని ఉండటం వల్ల ఏమవుతుందో కోర్టు రికార్డుల్లోనే ఉంది. 1972లో కాలిఫోర్నియాలో మొదలైన మీడ్ అనే పెద్ద కంపెనీని 2013లో నింగ్బో సన్నీ కొనుక్కుంది. ఓరియన్ అనే అమ్మకందారు సన్నీ మీద కోర్టుకెక్కాడు. తయారీదారులు కుమ్మక్కై ధరలు నిర్ణయిస్తున్నారన్నది ఆరోపణ. 2019 నవంబరులో కాలిఫోర్నియా ఫెడరల్ కోర్టులో జ్యూరీ ఓరియన్ పక్షాన తీర్పిచ్చింది. నష్టపరిహారం 1 కోటి 68 లక్షల డాలర్లు, అక్కడి చట్టం ప్రకారం మూడింతలై 5 కోట్లు దాటింది. నెల తిరక్కుండానే మీడ్ దివాలా పిటిషన్ వేసింది. 2021లో ఆ మీడ్‌ని ఓరియనే కొంది. 2024లో ఓరియన్ కూడా తలుపులు మూసేసింది. నలభై ఏళ్లకి పైగా ఆకాశం చూసేవాళ్ల ఇళ్లలో ఉన్న రెండు పేర్లు అలా పోయాయి. నాకు నిజంగా బాధ కలిగింది.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. ఒకే ఫ్యాక్టరీ, ఒకే డిజైన్ అయినా వస్తువు ఒకటే కానక్కర్లేదు. ఇది నేను పుస్తకాల్లో చదివి చెప్పడం లేదు. కిందటేడు ఇద్దరు మిత్రుల దగ్గర్నుంచి రెండు 9 మిల్లీమీటర్ల ఐపీసులు తెచ్చుకున్నాను. మీరన్న గీత వరసే, రెండు వేర్వేరు పేర్లు, ధరలో రెండున్నర రెట్లు తేడా. డైనింగ్ టేబుల్ మీద తెల్ల తువ్వాలు పరిచి, రబ్బరు బిరడాతో తిప్పి రింగులు విప్పాను. కటకాలు వచ్చిన వరసలోనే తువ్వాలు మీద పేర్చాను, ఏది ఎటు తిరిగి ఉందో పెన్సిల్‌తో పక్కన బాణం గీసి. వెర్నియర్‌తో కొలిస్తే ప్రతి కటకం వ్యాసం, మందం, మధ్యలో స్పేసర్ (కటకాల్ని ఎడంగా ఉంచే రింగు) పొడవు అన్నీ సరిపోయాయి. డిజైన్ ఒకటే అనడానికి అంతకన్నా రుజువు ఏం కావాలి? తేడా కటకాల అంచుల్లో కనిపించింది. ఖరీదైనదాంట్లో ప్రతి కటకం అంచుకి నల్ల రంగు పూసి ఉంది. చవకదాంట్లో రెండు కటకాల అంచులు నూరిన గాజులా తెల్లగా వదిలేశారు. స్పేసర్ లోపలి గోడ కూడా ఒకదాంట్లో మసిబారినట్టు నల్లగా ఉంటే, ఇంకోదాంట్లో అల్యూమినియం మెరుస్తోంది.

ఆ రాత్రి మేడ మీద చంద్రుణ్ణి చూశాం. మధ్యలో పెట్టి చూస్తే రెండిట్లోనూ బిలాలు ఒకేలా, సూది మొనలా ఉన్నాయి. మా అబ్బాయి తేడా చెప్పలేకపోయాడు, నేనూ చెప్పలేకపోయాను. చంద్రుణ్ణి క్షేత్రం అంచు దాటించి బయటికి నెట్టగానే చవకదాంట్లో పాలు చిలకరించినట్టు తెల్లటి వెలుగు అర్ధచంద్రాకారంలో లోపలికి వచ్చింది. రెండోదాంట్లో ఆకాశం నల్లగానే ఉంది. రెండున్నర రెట్ల ధరలో నాకు కనిపించిన గాజు తేడా లేదు. అంచులకి రంగు పూసిన ఓ అరగంట పని ఉంది.

ఫ్యాక్టరీ దగ్గర కేటలాగ్ ఉంటుంది. కొనే కంపెనీ ఏం ఎంచుకుంటుందన్న దాని మీదే అంతా ఆధారపడి ఉంటుంది. కోటింగ్ అన్ని ఉపరితలాలకీ వేయాలా, పైనా కిందా మాత్రమేనా? కోటింగ్ లేని గాజు ఉపరితలం తన మీద పడ్డ వెలుగులో సుమారు 4 శాతం వెనక్కి కొట్టేస్తుంది. మెగ్నీషియం ఫ్లోరైడ్ ఒక పొర వేస్తే ఒకటిన్నర శాతం దగ్గరికి వస్తుంది. మంచి బహుళ పొరలు వేస్తే అర శాతం లోపే. ఐపీస్‌లో గాలికి తగిలే ఉపరితలాలు ఎనిమిది ఉన్నాయనుకోండి. ఏ కోటింగూ లేకపోతే నాలుగో వంతు పైగా వెలుగు దారిలోనే పోతుంది, పోయింది ఊరుకోదు, లోపల తిరిగి దెయ్యంలా ఇంకో బొమ్మై కనిపిస్తుంది. తర్వాతి ప్రశ్న తనిఖీ. వందలో ఎన్నిటిని పరీక్షిస్తారు, ఎంత తప్పు ఉంటే వెనక్కి పంపుతారు, వెనక్కి పంపినదాన్ని ఎవరు కొంటారు? ఫ్యాక్టరీ ఆ తిప్పిన సరుకుని పారేయదు. పేరు లేనివాళ్లకి తక్కువ ధరకి ఇచ్చేస్తుందని అంటారు. చవక పేరుతో కొంటే ఒకరికి అద్భుతమైనది, పక్కింటాయనకి వంకరది దొరకడానికి కారణం అదే కావచ్చు.

గాజు ఎక్కడ కరిగించారన్నది ఇంకో ముడి. జర్మనీలో షాట్, జపాన్‌లో ఒహారా, హోయా, చైనా చెంగ్డూలో సీడీజీఎం. ప్రపంచంలోని ఆప్టికల్ గాజులో పెద్ద భాగం ఈ నాలుగు కొలిముల నుంచే వస్తుంది. టెలిస్కోపు మీద ఎఫ్‌పీఎల్-53 అని గర్వంగా రాసి ఉంటే, అందులో ఒక కటకానికి ఒహారా గాజు వాడారని మాత్రమే అర్థం. రుద్దింది సుజౌలో కావచ్చు, కున్మింగ్‌లో కావచ్చు. దానికి జోడీగా పెట్టిన రెండో కటకం ఏ గాజు అన్నది రంగుల తప్పుని సరిచేయడంలో అంతే ముఖ్యం, అది డబ్బా మీద ఎవరూ రాయరు. నేను ఎవరికైనా ఈడీ టెలిస్కోపు (ఇలాంటి ప్రత్యేక గాజు వాడినది) కొనిపెట్టేటప్పుడు ముందు అడిగేది ఆ జోడీ గాజు గురించే. అమ్మేవాడు జవాబు చెప్పగలిగితే అతను తన సరుకు తెలిసినవాడు.

అన్నీ చైనా, తైవాన్లవేనా, ఇంకెవరూ మిగల్లేదా అంటే మిగిలారు. టకహాషి ఇప్పటికీ ఇటబాషిలోనే ఉంది, వాళ్ల ఫ్లోరైట్ కటకాల వెనక కెనాన్ ఆప్ట్రాన్ ఉంది.  ఇలినాయ్‌లో ఆస్ట్రో-ఫిజిక్స్ తమ కటకాలు తామే రుద్దుకుంటుంది. మాస్కో దగ్గర లిట్కారినో గాజు కర్మాగారం పేరున్న ట్రిప్లెట్లు (మూడు కటకాల జోడింపులు) చేసింది. అపోలో వ్యోమగాములు చంద్రుడి మీద దిగడం సాధన చేసిన సిమ్యులేటర్‌కి కటకాలు డిజైన్ చేసిన ఆల్ నాగ్లర్ పెట్టిన టెలి వ్యూ న్యూయార్క్ రాష్ట్రం చెస్టర్‌లో ఉంది. కానీ వాళ్ల ఐపీస్ చేతిలోకి తీసుకుని చూడండి, జపాన్ అనో తైవాన్ అనో ఉంటుంది. దాచుకోరు. డిజైన్ తమది, కొలతల పట్టింపు తమది. వాటికి అంత ధర పెట్టడంలో అన్యాయం ఉందని నేను అనుకోను.

మన సంగతి కూడా చెప్పాలి, మీది కృష్ణా తీరం కాబట్టి మరీ. మీకు దగ్గర్లోనే మచిలీపట్నంలో 1926లో ఆంధ్ర సైంటిఫిక్ కంపెనీ పుట్టింది. బడులకి, కాలేజీలకి ప్రయోగశాల పరికరాలు చేసిన సంస్థ. 1983లో అది భారత్ ఎలక్ట్రానిక్స్‌లో కలిసింది. ఆ యూనిట్ ఇప్పటికీ సైన్యానికి ఆప్టికల్ పరికరాలు, రాత్రిపూట చూసే దుర్భిణులు చేస్తోంది. హైదరాబాదు నిజామియా అబ్జర్వేటరీలో పెరిగిన ఖగోళ శాస్త్రవేత్త వేణు బప్పు కలగన్న, తమిళనాడు కావలూరులోని 2.34 మీటర్ల టెలిస్కోపుకి గాజు దిమ్మ జర్మనీ నుంచి వచ్చింది. దాన్ని రుద్ది, పాలిష్ పట్టి, ఆకారం తెచ్చింది మన దేశంలోనే, జయరాజన్ గారి బృందం. 1986లో అది పనిలోకి వచ్చింది. అంటే చేయగల చేతులు మనకి ఉన్నాయి. బడి పిల్లాడికి అందే ధరలో మంచి ఐపీస్ చేసే ఫ్యాక్టరీ లేదు, అదే లోటు. అంబాలాలో కటకాలు చేస్తారు, అవి ఎక్కువగా ప్రయోగశాలల కోసం.

అద్దం రుద్దడం గురించి రెండు మాటలు, మీ పిల్లలకి చెప్పడానికి పనికొస్తుంది. నేను 6 అంగుళాల అద్దం సొంతంగా రుద్దాను. కార్బొరండం పొడితో గుంట చేయడం, తారు పలక మీద సీరియం ఆక్సైడ్‌తో పాలిష్ పట్టడం, చివర్లో పారాబొలా ఆకారం తేవడం. చివరి అడుగే నెలలు పట్టింది. అద్దం నుంచి తిరిగొచ్చే వెలుగు తరంగంలో తప్పు పావు తరంగదైర్ఘ్యం మించకూడదు, అంటే దాదాపు 137 నానోమీటర్లు. అద్దం మీద వెలుగు వెళ్లి తిరిగి వస్తుంది కాబట్టి ఉపరితలంలో తప్పు అందులోనూ సగానికి మించకూడదు. వెంట్రుక మందంలో వెయ్యో వంతు! అరచేతి వేడి తగిలితే ఆ చోట గాజు ఉబ్బి కొలత మారిపోతుంది. పరీక్షించే ముందు గంటసేపు దాన్ని ముట్టుకోకుండా కూర్చునేవాణ్ణి.

ఐపీస్‌కి అంత కష్టం లేదు. దీనికి కారణం చాలామందికి తెలియదు. మీ డాబ్సోనియన్ నాభ్యంతరం 1200 మిల్లీమీటర్లు. 6 మిల్లీమీటర్ల ఐపీస్ పెడితే 200 రెట్లు. కంటిలోకి వచ్చే వెలుగు కిరణం మందం 1 మిల్లీమీటరు మాత్రమే. ఒక నక్షత్రం వెలుగు అద్దం మొత్తాన్నీ వాడుకుంటుంది. కంటి దగ్గరి కటకంలో మాత్రం మినపగింజ కన్నా చిన్న మచ్చనే వాడుకుంటుంది. అందుకే క్షేత్రం మధ్యలో చవక ఐపీసూ ఖరీదైనదీ ఇంచుమించు ఒకేలా చూపిస్తాయి. తేడా అంచుల దగ్గర, వెలుగు చెదరడంలో, కళ్లజోడుతో చూసే సుఖంలో తెలుస్తుంది. ఇంకో మాట. ఈ వరసలో 6, 9 మిల్లీమీటర్లవి బాగుంటాయి. లోపల అడుగున పుటాకార జోడీ ఒకటి ఉండి లోపలికొచ్చే వెలుగు శంకువుని సన్నగా చేస్తుంది. 15, 20 మిల్లీమీటర్లవి అలా కాదు, వాటిలో అంచు నక్షత్రాలు రెక్కలు విప్పుతాయి. దుకాణంవాడు నాలుగూ కలిపి ఇస్తానంటే వద్దనండి.

మాస్టారూ, మీరు నాలుగు వేలది తీసుకోండి. ఏడున్నర వేలదాంట్లో అదనంగా ఏముందో అమ్మేవాడు చెప్పలేదని మీరే రాశారు. రెండు వేలది కూడా తప్పు కాదు, వాపసు తీసుకుంటామని రాసి ఇస్తే. పార్సిల్ రాగానే మొదట ట్యూబులైటు కింద పట్టుకుని లోపలికి చూడండి. కటకాల్లో కనిపించే ట్యూబులైటు ప్రతిబింబాలు లేత ఆకుపచ్చ, ఊదా రంగుల్లో మసగ్గా ఉంటే కోటింగ్ వేసినట్టు. ఒకటి రెండు తెల్లగా మెరిస్తే ఆ ఉపరితలాలు వదిలేసినట్టు. చెవి దగ్గర మెల్లగా ఊపండి, టకటక వినిపించకూడదు. బారెల్ అడుగు నుంచి చూస్తే లోపలి గోడ నల్లగా ఉందో లేదో తెలుస్తుంది. తెల్లగా ఉన్నా దిగులు పడకండి, నల్ల చార్ట్ కాగితం సన్నగా కత్తిరించి చుట్టి పెట్టండి. కటకాన్ని మాత్రం విప్పొద్దు.

రాత్రి ముందు టెలిస్కోపుని గంటసేపు బయట ఉంచి, అద్దాల అమరిక సరిచూసుకోండి. బడికొచ్చే డాబ్సోనియన్లలో పదికి ఎనిమిదింటికి అసలు జబ్బు ఐపీస్ కాదు, ఈ అమరికే. ఒక మోస్తరు నక్షత్రాన్ని మధ్యలో పెట్టి, ఫోకస్‌ని కొంచెం లోపలికి, కొంచెం బయటికి తిప్పండి. రెండువైపులా వచ్చే వలయాలు గుండ్రంగా, ఒకదానికొకటి దగ్గరి పోలికలో ఉండాలి. వలయం కోడిగుడ్డులా సాగితే ఐపీస్‌ని దాని గూట్లోనే పావు వంతు తిప్పండి. సాగిన వైపు కూడా తిరిగితే తప్పు ఐపీస్‌ది, వాపసు పంపండి. తిరక్కపోతే తప్పు అద్దంలోనో, మీ కంటిలోనో ఉంది, ఇంకో మాస్టారిని పిలిచి చూడమనండి. ఏది తేలిందో, ఆ ఐపీస్ అడుగు ఫొటో ఒకటి తీసి ఇక్కడ పెట్టండి. ఏ ఊరి గాజో చూసి చెబుతాను.